అమెరికా చిత్రకథకులును జపాను మార్గమును

ఒక దేశపు కళాకారుడు మఱియొక దేశపు కళను చూచి నేర్చుకొనినప్పుడెల్ల రెండు కంఠములు వినవచ్చుచుండును. ఇది దాస్యమని యొకటి పలుకును; కళకు ఎల్లలు లేవని మఱియొకటి పలుకును. అమెరికాలో బొమ్మల కథలు గీయు కళాకారులు జపానువారి 'మాంగా' పద్ధతిని అనుసరింప మొదలిడి నలుబది సంవత్సరములు దాటినది. ఇన్నాళ్లును అచ్చటి వాదము ఈ రెండు కంఠముల నడుమనే తిరుగుచున్నది. పెద్ద కన్నులు, మొనదేలిన కేశములు, నలుపు తెలుపుల పుటలు, వీనిని అమెరికనుడు గీసినచో అది మాంగా యగునా, కాదా యని యొకరితో నొకరు తర్కించుచున్నారు. ఈ తర్కము ఊకదంపుడని మా యభిప్రాయము. గీత యెవరి యింటనుండి వచ్చెనను దానికంటె, గీసినవానికి ఆ గీతపై ఏ హక్కు మిగిలెనను ప్రశ్న పెద్దది. జపాను మార్గమును త్రొక్కిన అమెరికా కళాకారుల చరిత్రను మొదటినుండి పరికించినచో ఈ సంగతి తేటపడును.

బొమ్మల కథలు పిల్లల యాటవస్తువులు గదా, వీనికింత విచారమేల యని కొందఱు పాఠకులకు తోపవచ్చును. అమెరికాలోను అట్లే తలచిరి. బొమ్మల కథలు బాలురను చెఱచుచున్నవను ఆందోళన ప్రబలగా, 1954వ సంవత్సరమున ప్రచురణకర్తలు తమంతట తామే యొక నియమావళిని కల్పించుకొని, దాని ముద్ర లేని పుస్తకము అంగళ్ల కెక్కుట దుర్లభమగునట్లు చేసికొనిరి. ఆ ముద్రను మార్వెల్ సంస్థ 2001లో విడిచెను. 2011 నాటికి గాని అది పూర్తిగా అంతరింపలేదు. ఆ నడిమి కాలమున, ప్రధాన ప్రచురణ సంస్థల చేతిలో, ఆ కళ చాలవఱకు వీరుల సాహసములకును పిల్లల వినోదమునకును కుదించుకొనిపోయెను. జపానులోనన్ననో బాలురకు, బాలికలకు, ఉద్యోగులకు, గృహిణులకు వేర్వేరు పత్రికలు వెలసెను. అచ్చటి 'షోనెన్ జంప్' అను వారపత్రిక 1990ల మధ్యకాలమున 65 లక్షల ప్రతులు దాటి ముద్రింపబడెను. ఇది పిల్లల యాట కాదు. ఒక పెద్ద వ్యవసాయము.

రెండు దేశముల సేద్యపు రీతులును వేఱు. అమెరికా పద్ధతిలో నెలకొక పలుచని రంగుల పుస్తకము వెలువడును. అందు కథకు దక్కునవి ఇరువది, ఇరువదిరెండు పుటలు. ఒకడు కథ వ్రాయును, ఒకడు సీసపు కడ్డీతో గీయును, ఒకడు సిరాతో దిద్దును, ఒకడు రంగు పూయును, ఒకడు అక్షరములు పొదుగును. పాత్ర సంస్థది, పనివారు మాఱుచుందురు, పాత్ర మాఱదు, దాని కథకు ముగింపును ఉండదు. జపాను పద్ధతిలో చవుక కాగితముపై ఒకే రంగు సిరాతో వందలాది పుటల లావు పత్రిక వచ్చును. ఒక్కొక్క కథ ఒక్కొక్క కర్త పేరిట సాగును. సహాయకులు క్రింద పనిచేసినను కథ ఆతనిది. అది వేలపుటలు నడచి, ఆతని సంకల్పము చొప్పున ముగియును. పుటలు పుష్కలముగా నుండుటచే కాలము అచ్చట నిదానముగా నడచును. వాన చినుకు, ఖాళీ వీధి, చేతిలోని టీ గిన్నె, వీనికి ఒక్కొక్క గడి కేటాయింపవచ్చును. స్కాట్ మెక్‌క్లౌడ్ అను అమెరికా చిత్రకథకుడు 1993లో ప్రచురించిన 'అండర్‌స్టాండింగ్ కామిక్స్' అను గ్రంథమున, ఒక గడినుండి మఱియొక గడికి కథ ఎట్లు దాటునో లెక్కించి, జపాను కథలలో పని గాక పరిసరమును చూపు గళ్లు విశేషముగా నున్నవని నిరూపించెను.

ఇక నెవరు ఎవరిని అనుకరించిరను మాట. ఈ ఋణము ఏకముఖమైనది కాదు. 'బ్రింగింగ్ అప్ ఫాదర్' అను అమెరికా హాస్య చిత్రావళి 1923లోనే జపాను 'అసాహీ గ్రాఫ్' పత్రికలో అనువాదమై వెలువడి, అచ్చటి కళాకారులకు మాటల బుడగలను, గళ్ల వరుసను అలవాటు చేసెను. శాన్‌ఫ్రాన్సిస్కోలో నివసించిన హెన్రీ కియామా అను జపాను చిత్రకారుడు, వలస వచ్చిన నలుగురు యువకుల యిక్కట్లను బొమ్మల కథగా గీసి 1931లో పుస్తకముగా ప్రకటించెను. 1947లో 'షిన్ తకరజిమా' అను కథతో ప్రఖ్యాతుడై, పిదప మాంగాకు పితామహుడని పేరొందిన ఒసాము తెజుకా, డిస్నీ, ఫ్లైషర్ చలనచిత్రములకు తాను శిష్యుడనని దాచుకొనలేదు. నేడు జపాను గుర్తుగా నెంచబడు ఆ పెద్ద కన్నులకు ఒక మూలము అమెరికా తెఱమీదనే యున్నది. వడ్డితో తిరిగివచ్చిన సొమ్మును చూచి పరుల సొమ్మని ఉలికిపడుట వివేకము గాదు.

జపాను కథలు అమెరికా వాకిటికి వచ్చుట మెల్లగా జరిగెను. హిరోషిమాపై అణుబాంబు పడిననాటి బాలుని కథయగు కెయిజి నకజావా 'బేర్‌ఫుట్ జెన్'ను, శాంతి కోరు స్వచ్ఛంద సేవకులు కొందఱు గుమికూడి 1970ల కడపట ఆంగ్లమునకు తెచ్చిరి. 1983లో ఫ్రెడరిక్ షాట్ 'మాంగా! మాంగా!' యను గ్రంథమున ఆ కళయొక్క చరిత్రను ఆంగ్ల పాఠకులకు విప్పిచెప్పెను. 1987లో కజువో కొయికె వ్రాసి గోసెకి కొజిమా గీసిన 'లోన్ వుల్ఫ్ అండ్ కబ్', 1988లో కత్సుహిరో ఒతొమొ 'అకిరా' ఆంగ్లమున వెలువడెను. అమెరికనులు నలుపు తెలుపులను ఓర్వరని తలచి 'అకిరా'కు రంగులద్దిరి. కుడినుండి యెడమకు చదువరని తలచి పుటలను అద్దములోని ప్రతిబింబమువలె త్రిప్పి అచ్చువేసిరి. అతిథికి ఇంటివాని దుస్తులు తొడిగి లోనికి తెచ్చుట వంటిది ఇది.

అయితే అనువాదములకంటె ముందే కొందఱు అమెరికా కళాకారులు, భాష యెఱుగకున్నను, బొమ్మలనే చదివి నేర్చుకొనిరి. వెండీ పినీ అను ఆమె తెజుకా గీతపై మనసుపడి, భర్త రిచర్డుతో గూడి 1978లో 'ఎల్ఫ్‌క్వెస్ట్' అను వనవాసి కథను ఆరంభించెను. మొదటి భాగము అన్యుల పత్రికలో రాగా, అది తమకు తృప్తినీయక, తరువాతి భాగములను ఆ దంపతులు సొంత సంస్థనే నెలకొల్పి అచ్చువేసికొనిరి. ఫ్రాంక్ మిల్లర్ 'లోన్ వుల్ఫ్' జపాను ప్రతులను చూచి, మాట లేకుండ ఖడ్గము నడుచు ఆ పుటల వేగమును గ్రహించి, 1983, 84లలో 'రోనిన్' అను ఆఱు భాగముల కథను డీసీ సంస్థకు గీసెను. ఆ కథపై హక్కు ఆ సంస్థకు గాక కర్తకే నిలిచెను. క్యోటోలో పుట్టి హవాయిలో పెరిగిన స్టాన్ సకాయ్, మియమొతొ ముసాషి అను చారిత్రక ఖడ్గవీరుని ఒక కుందేలుగా మార్చి, 1984లో 'ఉసాగీ యోజింబో'ను ప్రారంభించెను. కథయు, బొమ్మయు, అక్షరములును ఆయన చేతివే. నలుబది యేండ్లలో ఆ కుందేలు పలు ప్రచురణ సంస్థల గడప దాటినది గాని యజమానిని మార్చలేదు.

ఇందు విశేష మేమి? ఈ మువ్వురును జపానునుండి గ్రహించినది కన్నుల కొలత కాదు. దీర్ఘకథను ఒక్క చేయి నడుపవచ్చునను ధైర్యమును గ్రహించిరి. మెక్‌క్లౌడ్ కూడ అట్టివాడే. 1984లో ఆరంభించిన తన 'జాట్!' కథలో తెజుకా ప్రభావమును ఆయన చాటుకొనెను. 1988లో కొందఱు సహచరులతో గూడి కళాకారుల హక్కుల పత్రమును వ్రాయుటలో ఆయనయే ముఖ్యుడు. సృష్టించినది సృష్టించినవానికే పూర్తిగా చెందవలెననుట అందలి మొదటి మాట. మాంగా నిదానమును నేర్చిన చేయియే హక్కుల పత్రమును వ్రాసెననుట గమనింపదగిన విషయము.

పట్టాదారులైన మా పాఠకులకు దస్తావేజు విలువ ఒకరు చెప్పనక్కఱలేదు. మామిడి తోట గలవాడు ఆ యేటి కాపును గుత్తకిచ్చును. గుత్తేదారు కావలి కాచి, కాయ కోసి, సంతకు చేర్చి లాభము గడించును, అది న్యాయమే. గడువు తీఱగానే తోట తిరిగి రైతుదే. జపానులో ప్రచురణకర్తకును కథాకర్తకును గల సంబంధము ఇంచుమించుగ ఇట్టిది. పత్రిక పుటకింత యని యిచ్చును. పిదప కథ సంపుటములుగా వచ్చినప్పుడు ప్రతికింత యని కర్తకు వాటా చెల్లును. కర్తృత్వ స్వామ్యము సామాన్యముగా కర్తయందే యుండును. అమెరికాలోని పాతపద్ధతి కాపును కొనుట గాదు, వేళ్లతో చెట్టును కొనుట. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అను ఇరువురు యువకులు 1938లో 'సూపర్‌మాన్' పాత్రపై సమస్త హక్కులను 130 డాలర్లకు వ్రాసియిచ్చిరి. ఆ పాత్ర సంస్థకు కోట్లు గడించిపెట్టుచుండగా కర్తలు వార్ధక్యమున ఇక్కట్ల పాలైరి. 1975లో పత్రికలలో అలజడి రేగినమీదట గాని వారికి ఏటికి 20,000 డాలర్ల భృతియు, పాత్రపై తమ పేరును దక్కలేదు.

జపాను స్వర్గమని మేము చెప్పుటలేదు. వారము వారము పుటలు నింపవలసిన యొత్తిడి అచ్చటి కళాకారుల ఆరోగ్యమును పీల్చివేయును. పాఠకుల యోట్లు తగ్గినచో కథను కొన్ని వారములలోనే ఆపివేయుదురు. సహాయకుల బ్రతుకు కష్టతరము. ఇన్ని లోపము లున్నను చెట్టు వేళ్లు కర్త పెరటిలోనే యుండుట యొక్కటి అచ్చటి మేలు. అమెరికా ప్రచురణకర్తలు మాంగాను దిగుమతి చేసినప్పుడు కన్నులను, ఖడ్గములను, కేశములను తెచ్చుకొనిరి. ఈ మేలును మాత్రము రేవులోనే వదలివచ్చిరి.

1990లలో జరిగినది చూడుడు. జో మదురేరా అను యువకుడు 1994 మొదలుకొని 'అన్‌కానీ ఎక్స్‌మెన్' పత్రికకు గీసిన బొమ్మలలో మాంగా వేగము, విస్తారమైన అవయవ విన్యాసము మెఱసెను. పలువురు ఆ త్రోవ పట్టిరి. చేయి గొప్పది, కాని పాత్రలు సంస్థవి. 2002లో మార్వెల్ సంస్థ తన పాత వీరులకే మాంగా వేషము గట్టి 'మాంగావర్స్' అను వరుసను వెలువరించెను. వేషము మాఱెను గాని నాటకము మాఱలేదు. అదే మదురేరా 1998లో 'బాటిల్ చేజర్స్' అను సొంత కథను మొదలిడి, తొమ్మిది సంచికలతో 2001లో నిలిపివేసెను. పాఠకులు విసిగిరి. అయినను కథ ఆతనిదే గావున, 2017లో దాని యాధారమున ఆటను వెలువరింప గలిగెను. 2023లో, మఱియొక చిత్రకారుని తోడు గొని, పదవ సంచికను ప్రకటింపగలిగెను. ఇరువది రెండేండ్లు ఎండిన చెట్టు చిగుర్చుటకు కారణము, అది పరుల దొడ్డిలో లేకుండుటయే.

దీనికి సరిగా ఎదురైన యుదాహరణము టోక్యోపాప్ అను సంస్థది. కాలిఫోర్నియాలోని యీ సంస్థ 2002లో, పుటలను త్రిప్పకుండ, జపాను క్రమముననే, చిన్న పుస్తకములుగా, అందుబాటు వెలకు మాంగాను అచ్చువేసి, బొమ్మల కథల అంగళ్ల ముఖమే చూడని బాలికలను, యువతులను పుస్తకశాలలలో పాఠకురాండ్రను గావించెను. ఈ సేవను కాదనుట కృతఘ్నత. ఆ యేడే 'రైజింగ్ స్టార్స్ ఆఫ్ మాంగా' యను పోటీని నెలకొల్పి అమెరికా యువకళాకారులను ఆహ్వానించెను. స్వెత్లానా ష్మాకొవా 'డ్రామాకాన్', ఫెలిపే స్మిత్ 'ఎంబీక్యూ', బెకీ క్లూనన్ 'ఈస్ట్ కోస్ట్ రైజింగ్' మొదలగు కథలు 2005, 2006 ప్రాంతముల ఈ సంస్థ ముద్రతో వెలువడెను. కాని ఆ పుస్తకముల లోపలి పుటను త్రిప్పి చూచినచో, స్వామ్యము కర్తకును సంస్థకును కలిపి వ్రాయబడియుండును. చెట్టు సగము కొన్నారన్నమాట. సగము చెట్టును రైతు నఱకలేడు, అమ్మలేడు, వేఱొకరికి గుత్తకీయలేడు.

2008లో ఆ సంస్థ క్రొత్తవారికై ప్రకటించిన యొడంబడికలో, కర్త తన నైతిక హక్కులను, అనగా కృతిపై తన పేరుండవలెననియు, దానిని వికృతము చేయరాదనియు కోరు హక్కులను, వదలుకొనవలెనను షరతు కలదు. కళాకారులలో పెద్ద కలకలము రేగెను. మన దేశమున 1957 నాటి శాసనము 57వ విభాగము, స్వామ్యమును అమ్మివేసిన కర్తకుగూడ ఈ హక్కులను నిలుపుచున్నది. అమెరికా శాసనమున పుస్తకములకు ఇట్టి రక్షణ బలహీనము. అదే సంవత్సరమున సంస్థ వ్యయములు తగ్గించుకొని పలు అమెరికా కథలను నడిమధ్య ఆపివేసెను. 2011 మే నెల కడపట అమెరికాలోని ప్రచురణ కార్యాలయము మూతపడెను. కొన్నేండ్లకు గాని మరల తెఱవబడలేదు. 'ఈస్ట్ కోస్ట్ రైజింగ్' రెండవ సంపుటము వెలువడనే లేదు. మొదటి సంపుటముతో పాఠకులు ఎదురుచూచుచు నిలిచిపోయిరి. మదురేరా కథ ఎందుకు తిరిగి వచ్చెనో, ఈ కథ ఎందుకు రాలేదో వేఱుగ చెప్పనవసరము లేదు.

సంస్థ పక్షమున ఒక మాట కలదు. పేరు లేని యువకులను నమ్మి ముందుగా ధనమిచ్చి, అచ్చొత్తించి, అంగళ్లకెక్కించినది తానే గదా, నష్టము వచ్చినచో తనదే గదా, లాభమునను స్వామ్యమునను వాటా యేల కోరరాదని వారందురు. పెట్టుబడికి ప్రతిఫలము న్యాయమే, మేము కాదనము. గుత్తేదారుడు సైతము వడగండ్ల వానకు నష్టపడును. అందుచే గుత్త గడువు రెండేండ్లు గాక అయిదేండ్లు కావలెనని యడుగవచ్చును. కాపులో పెద్దవాటా కోరవచ్చును. కాని నష్టభయమును చూపి తోటను వ్రాయించుకొనుట వేఱు. ముద్రణము ఆగిన యింత కాలమునకు హక్కు కర్తకు మరలవలెనను షరతు ఒక్కటి యున్నను సగము గొడవ తీఱిపోవును.

వివేకవంతులు కొందఱు త్రోవ కనుగొనిరి. ఫెలిపే స్మిత్ 'ఎంబీక్యూ' పిదప టోక్యోకు పోయి, కోదన్షా సంస్థ పత్రికలో, జపాను భాషలో, జపాను సంపాదకుల క్రింద 'పీపో చూ' అను కథను గీసెను. 2010లో అది ఆంగ్లమున వచ్చెను. జపానును కలల దేశముగా నెంచి పోయిన షికాగో బాలుడు అచ్చట నిజమును చూచి నివ్వెఱపోవుట అందలి కథ. అనుకరణమును వెక్కిరించు కథను మాంగా పుట్టినింటనే ప్రకటించుట అపూర్వము. రైనా టెల్గెమైయర్ చిన్ననాడు 'బేర్‌ఫుట్ జెన్' చదివి కదలిపోయిన రచయిత్రి. ఆమె 2010లో వెలువరించిన 'స్మైల్' కథలో పెద్ద కన్నులు లేవు, ఖడ్గములు లేవు. దంతములు విఱిగిన యొక బాలిక పాఠశాలలో పడిన తంటాలు గలవు. సామాన్యుని వెత కూడ బొమ్మల కథ కాదగునను పాఠమును ఆమె హిరోషిమా బాలుని కథనుండి గ్రహించెనని మాకు తోచుచున్నది. ఆ పుస్తకమునకు 2011లో ఐస్నర్ బహుమానము లభించెను. జపాను విదేశాంగ శాఖ సైతము 2007నుండి అన్యదేశీయుల మాంగాలకు బహుమానములిచ్చుచున్నది. మాంగా యనగా జపానువాడు గీసినదే యను పట్టుదల జపాను ప్రభుత్వమునకే లేనప్పుడు ఇతరులకేల?

కావున అనుకరణ భయము నిరాధారమనియు, అనుకరణ చాలదనియు మేము తలచుచున్నాము. కన్నులను అరువు తెచ్చుకొనిన కథలు వేషము మాయగానే వెలసిపోయెను. కాలమును నడుపు నేర్పును, సామాన్య జీవితమును గౌరవించు దృష్టిని, కథ తనదేయను నిబ్బరమును తెచ్చుకొనినవారు నిలిచిరి. పినీ దంపతులు, సకాయ్, మిల్లర్, మెక్‌క్లౌడ్ మొదలగు వారి కృతులు నేటికిని వారి పేరనే యుండుట యాదృచ్ఛికము కాదు.

యువకళాకారుడు గీత నేర్చుకొనుటకు పదేండ్లు వెచ్చించును. సంతకము చేయుటకు పది నిమిషములైనను వెచ్చింపడు. తండ్రి పొలము అమ్మునప్పుడు దస్తావేజులోని ప్రతి హద్దును చదివించుకొను గృహస్థుడు, కుమారుడు తన యూహను అమ్ముకొనునప్పుడు ఏమి వ్రాసిరని యడుగడు. ఇది అమెరికాకు మాత్రమే చెందిన సంగతి కాదు. వ్రాయువారు, గీయువారు గల ప్రతి యింటిదియును. పాఠకులు సైతము పుస్తకము కొనునప్పుడు బొమ్మలను చూచుటకు ముందు లోపలి పుటను ఒక్కసారి త్రిప్పి, స్వామ్యము ఎవరి పేర నున్నదో చూతురుగాక. ఆ చిన్న అక్షరముల పంక్తిలోనే ఆ కథ మఱునాడు బ్రతుకునో లేదో వ్రాసియుండును.